వేలాడే బంతి

వీధిలో అందరూ ఆయన్ని కొలతల మాస్టారు అంటారు. ఇరుకు గ్యారేజీలో కారు పెట్టడం ఆయనకు రోజూ ఒక పరీక్షే. పక్కద్దాలు మడిచి, ఊపిరి బిగబట్టి, అంగుళం అంగుళం లోపలికి వస్తారు. కప్పు నుంచి దారంతో వేలాడదీసిన రబ్బరు బంతి ముందద్దానికి తగలగానే ఆపేస్తారు. అప్పుడు వెనక షట్టరుకు నాలుగు వేళ్ల ఎడం, భార్య ముందు గోడకానించి పెట్టుకున్న కుట్టుమిషనుకు మూరెడు ఎడం మిగులుతాయి. తలుపు సగమే తెరుచుకుంటుంది కనుక పొట్ట లోపలికి లాక్కుని దిగి, ఎక్కడైనా గీత పడిందేమోనని కారు చుట్టూ తడిమి చూసుకుని గాని ఇంట్లోకి వెళ్లరు.

నిన్న కారు పెట్టి వెళ్లాక, కళ్లజోడు మరిచిపోయి మళ్లీ వచ్చారు. కారుకూ మిషనుకూ మధ్య భార్య పక్కకు తిరిగి, నడుం మెలిపెట్టుకుని, ఒంటికాలితో తొక్కుతూ జాకెట్టు కుడుతోంది.

"ఎప్పట్నుంచి ఇలా కూర్చుంటున్నావ్?"

"మీరు బంతి కట్టినప్పట్నుంచి," అందామె దారం కొరుకుతూ.

"చెప్పొచ్చు కదా!"

"అంతా కొలిచే కట్టారు కదండీ, ఇంక నేనేం చెప్పను?"

ఇవాళ బంతి మూరెడు వెనక్కి జరిగింది. షట్టరు దిగక, కారు వెనక భాగం బయటే వానలో తడుస్తోంది. మాస్టారు అటు చూడటం లేదు. రెండు కాళ్లతో తొక్కితే ఆ మిషను ఇంత జోరుగా నడుస్తుందని ఆయనకు ఇప్పుడే తెలిసింది.