అరగని అంచు

నా కారు కంపెనీ మన దేశంలో దుకాణం సర్దేసి వెళ్ళిపోయిన మూడో ఏడు, గేరు కేబుల్ చివర ఉండే బొటనవేలంత నైలాన్ బుష్ పగిలి, గేరు పడటం మానేసింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. మొఘల్‌పురాలో లేత్ మీద చేయించినదేమో వదులై జారిపోయింది. మా లాల్‌దర్వాజా గల్లీలో అందరిదీ ఒకటే మాట: తుక్కుకు వేసెయ్.

ఫలక్‌నుమా లోకల్ రైల్లో ఆ పగిలిన ముక్కలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురు సీట్లో టిఫిన్ సంచి పట్టుకున్న యాభై ఏళ్ళావిడ చెయ్యి చాచింది.

"ఇటియ్యి తమ్మీ. ఏందిది?"

అంతా చెప్పాను. ఆవిడ ఫ్యాక్టరీలో లేత్ మీదే పనిచేస్తుందట. ముక్కల్ని కలిపి పట్టుకుని, సంచిలోంచి కొలతలు తీసే వెర్నియర్ తీసింది.

"నీకు చేసినోడు అరిగినకాడ కొలిచిండు, గందుకే లూజయింది. అరగని అంచుకాడ కొలవాలె."

అక్కడే కొలిచి, నా టికెట్ వెనుక మూడు కొలతలు రాసిచ్చింది.

"కంపెనీనే పోయింది గదక్కా," అన్నాను.

"పోతే పోనీ. కొలత యాడికి వోతది? నాలుగు చేపిచ్చి పెట్టుకో."

పేరు అడిగేలోపే స్టేషన్ వచ్చింది, దిగిపోయింది.

మొఘల్‌పురాలో అదే లేత్ దగ్గర ఆ కొలతలతో నాలుగు చేయించాను. మొదటిది బిగించగానే గేరు టక్కున పడింది. ఇప్పటికీ అదే నడుస్తోంది. మిగతా మూడూ డాష్‌బోర్డు అరలో ఉన్నాయి.

ఆ కంపెనీ షోరూమ్ ఇప్పుడు మిఠాయి దుకాణం. దాని ముందుకు రాగానే, అవసరం లేకపోయినా, ఒకసారి గేరు మారుస్తాను.