వాసన లేని ఉల్లిపాయలు

ఇల్లు అమ్మకానికి పెట్టాం. పోయిన శనివారం చూడడానికి వచ్చినవాళ్ళలో వరంగల్ వైపు కుర్ర జంట ఒకటి ఉంది. వాళ్ళ నాలుగేళ్ళ పాప గదులేవీ చూడకుండా తిన్నగా వెనక తలుపు దగ్గరికి పోయి, గడ్డిలో రెండు వరసలుగా పూసిన చిన్న పసుపుపచ్చని పూల వైపు చూస్తూ నిలబడిపోయింది. తల్లి ఎంత పిలిచినా తల తిప్పలేదు. నా గుండె ఝల్లుమంది. ఎందుకో చెబితే ఈ కాలం పిల్లలు నవ్వుతారు, మన ఈడువాళ్ళతో కాకపోతే ఇంకెవరితో చెప్పుకుంటాను?

సుమారు ముప్పై ఏళ్ళ కిందట ఈ దేశం వచ్చి, నగర శివారున క్వేకర్స్ హిల్‌లో మేం ఈ ఇల్లు కట్టించుకున్నప్పుడు చుట్టూ ఇంకా ఖాళీ స్థలాలే. అంతకుముందు ఇదంతా పాడి ఆవులు మేసిన పొలమని చెప్పేవారు. మొదటి చలికాలం, ఇక్కడ అది జులైలోనే, ఆ నెలాఖర్లో, బట్టలు ఆరేస్తుంటే సంపెంగలాంటి వాసన ఒకటి గుప్పున కొట్టింది. చుట్టూ చూస్తే ఒక్క పువ్వు లేదు. వారం రోజులకు ఉల్లికాడల్లాంటి సన్నటి ఆకుల మధ్య రూపాయి బిళ్ళంత పూలు విచ్చుకున్నాయి. నర్సరీకి ఒక రెమ్మ పట్టుకెళ్తే, దుంప నుంచి మొలిచే డాఫొడిల్ పూలలో ఇది చిన్న అడవి జాతి, జాన్‌క్విల్ అంటారు, వాసనంతా దీనిదే అని చెప్పారు. మేం మాత్రం ఒక్క దుంప నాటి ఎరగం. పైగా అవి చెల్లాచెదురుగా కాదు, మనిషి నడిచేంత ఎడంతో రెండు వరసలుగా, వెనక కంచె నుంచి సరిగ్గా మా వంటింటి గోడ దాకా వచ్చి ఆగిపోయాయి. ఇంటి ముందు గడపకు అవతల మళ్ళీ మొదలై రోడ్డు వైపు సాగాయి. అంటే ఎవరిదో పాత బాట మా నేల కిందుగా పోతోందన్నమాట.

ఆ చలికాలంలోనే మా అత్తయ్య తెనాలి నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. దిగిన రోజు నుంచీ ఆవిడకు ఒకటే బాధ, ఇక్కడ కొత్తిమీరకు వాసన లేదు, టొమాటోకు పులుపు లేదు, ఉల్లిపాయ తరిగితే కంట్లో చుక్క నీరు రాదు. "ఈ దేశంలో దేనికి వాసన ఏడిచింది గనకనే తల్లీ!" అని పొద్దున్న లేచింది మొదలు మూతి విరుపులే. ఆవిడను మెప్పించినవి ఈ పూలొక్కటే. రోజూ స్నానం చేసి కోసుకొచ్చి, దేవుడికి పెట్టకుండా మమ్మల్ని వాసన కూడా చూడనివ్వకుండా, దారంతో చిన్న చిన్న దండలు కట్టేవారు.

అప్పట్లో మా అమ్మాయికి నాలుగేళ్ళు. తెలుగు అంతా అర్థమయ్యేది గానీ జవాబు ఇంగ్లీషులోనే. తోటలో ఒక లేడీ ఉందని అది అనడం మొదలుపెట్టింది. ఏం చేస్తుందే అంటే, పూల మధ్య నడిచి వచ్చి గోడలోకి పోతుందట. ఆ మాట అన్నం తింటూ, అంతే మామూలుగా చెప్పింది. నేను లేచి వెనక తలుపు గడియ వేశాను. మావారు మాత్రం ఒంటరి పిల్లలు ఇలాంటి స్నేహితుల్ని కల్పించుకుంటారని కొట్టిపారేశారు. అత్తయ్య ఊరుకుంటారా! ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యి మీద వేస్తే, పొగకు ఇంట్లో అలారం మోగి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. పిల్ల మాత్రం రోజూ ఆ గోడకేసి చూసి టాటా చెబుతూనే ఉండేది.

నవంబరు వచ్చేసరికి ఆకులు ఎండిపోయాయి. ఇంత మంచి పూలు గడ్డిలో ఎందుకు, దుంపలు తీసి నీడలో ఆరబెట్టి, మళ్ళీ ఏప్రిల్‌లో ఒక మడిలో నాటుదామని నాకు బుద్ధి పుట్టింది. ఒక వరసలో సగం తవ్వాను. గోధుమరంగు పొట్టుతో, గుండ్రంగా, అచ్చం సాంబారు ఉల్లిపాయల్లా ఉన్నాయి. గాలి తగలాలి కదా అని, ఇండియన్ షాపులో సాంబారు ఉల్లిపాయలు పోసి ఇచ్చిన వలసంచీలోనే వాటిని పోసి బట్టలుతికే గదిలో మేకుకు తగిలించాను. ఖాళీ సంచీ పారేసే చేతులా మనవి? ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తప్పంతా నాదే.

తవ్విన వారమే, శనివారం మధ్యాహ్నం అత్తయ్య ఉల్లిపాయల పులుసు పెట్టారు. పులుసులో ఉల్లిపాయలంటే మా అమ్మాయికి ప్రాణం, నా కంచంలోవి కూడా ఏరుకు తినేది. ఆ రోజు నోరు తెరవలేదు. బతిమాలాను, కసిరాను. చివరికి ముద్ద చేసి పెదవుల దాకా తీసుకెళ్ళాను. అది నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ అంది.

"ద లేడీ సెడ్ నో, మమ్మీ. నాట్ ఫర్ ఈటింగ్."

మొండితనమనుకున్నాను. ఇదిగో, మమ్మీ తింటోంది చూడు అని ఆ ముద్ద నేనే నోట్లో పెట్టుకుని, ఇంకొకటి కూడా తిన్నాను. చేదు. మూడోది కలుపుతుండగా నాలుక మీద ఏదో మంట. అవి తరిగినప్పుడు కంట నీరు రాలేదా అని అత్తయ్యను అడిగితే, ఇక్కడి ఉల్లిపాయలకు ఎప్పుడొచ్చింది గనక అన్నారు. లేచి వెళ్ళి చూస్తే మేకుకు సంచీ సగానికి పైగా ఖాళీ అయి వేలాడుతోంది. అరగంట తిరక్కుండా నాకు వాంతులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో డాక్టరు, మీరు పెద్దవాళ్ళు కాబట్టి ఇంతటితో పోయింది, పసిపిల్ల గిన్నెడు తిని ఉంటే నేను ఇలా కూర్చుని మాట్లాడేవాణ్ణి కాదు అన్నాడు. మంచం పక్కన అత్తయ్య తలబాదుకుని ఏడుస్తూ, "ఎవరో మహాతల్లి, మన పిల్లను కాసిందే" అన్నారు. ఆ రాత్రంతా పిల్లను పక్కనుంచి కదలనివ్వలేదు.

వెనక వీధిలో ఒక ముసలాయన ఉండేవాడు, చిన్నతనంలో ఆ పొలంలో పాలు పితికినవాడు. కంచె దగ్గర కనిపిస్తే అడిగాను. అవునట, ఇక్కడ చెక్క ఇల్లుండేదట, ఆ బాటకు అటూ ఇటూ పూలు పెట్టింది ఆ ఇంటావిడేనట. ఏటా దుంపలు తీసినప్పుడు పిల్లలకు అందకుండా నిచ్చెన వేసుకుని పైకప్పు దూలానికి కట్టేదట. అంత ఎత్తున ఎందుకంటే, "ఆ ఒక్కసారి జరిగాక" అని బాట ఉన్న వైపు తిరిగాడు. ఆవిడకు ఎందరు పిల్లలని అడగబోయి, మానుకుని ఇంట్లోకి వచ్చేశాను.

మిగిలిన దుంపలను మడిలో కాకుండా, తవ్విన చోటే, అదే ఎడంతో మళ్ళీ నాటేశాను. ఆ తర్వాత అత్తయ్య వచ్చిన ప్రతి చలికాలమూ మొదటి దండ దేవుడికి కాకుండా వెనక మెట్టు మీద పెట్టేవారు. ఆవిడ పోయాక నేను పెడుతున్నాను. మా అమ్మాయి ఆ తర్వాత లేడీ ఊసెత్తలేదు. ఇప్పుడు అడిగితే, అమ్మా, నువ్వూ నీ దయ్యాల కథలూ అని నవ్వుతుంది.

అందుకే ఆ కుర్ర తల్లిని వంటింట్లోకి పిలిచి, ఆ దుంపలు విషం, పిల్ల జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాను. ఆ అమ్మాయి చల్లగా, "టెన్షన్ లేదు ఆంటీ, కొనంగనే గార్డెన్ మొత్తం తీసి కాంక్రీట్ ఏపిస్తం. మాకు మెయింటెనెన్స్ కుదరదు" అంది. న్యాయమే, ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్ళు. మేమిలా మాట్లాడుకుంటుండగా వెనక తలుపు దగ్గర పాప చెయ్యెత్తి టాటా చెప్పింది. నేను, వాళ్ళమ్మ పాప వెనక ఉన్నాం. వాళ్ళ నాన్న ముందు గదిలో ఉన్నాడు. తోటలో ఎవరూ లేరు.

భయం వేయలేదు, కుదుటపడ్డాను. ముప్పై ఏళ్ళు మా నేల కిందుగా నడిచిన మనిషికి కాంక్రీటు అడ్డమా? కానీ ఇక మీదట జులైలో ఆ వాసన రాదు. ఆవిడ వచ్చినట్లు ఆ పాపకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పాప చెబితే, ముద్ద పట్టుకున్న ఆ తల్లి చెయ్యి ఆగుతుందో లేదో.