పోచం కాక పెన్‌డ్రైవ్

మీ కారు అద్దానికి అంటించుకున్న కెమెరా నిన్న పని చేసిందా? చేసిందంటే, మీకెలా తెలుసు? మొన్న కరీంనగర్‌లో ఒక మిత్రుడి కారెక్కాను. తాళం తిప్పగానే కెమెరా కీచుమంది, దాని ఎర్రదీపం మిణుకుమనడం మొదలైంది. "అందులోని పెన్‌డ్రైవ్ ఎప్పుడైనా తీసి చూసినవా?" అని అడిగాను. "లైటు వస్తుంది గదా" అన్నాడు. సరిగ్గా ఇదే మాట ఒకప్పుడు నేను పోచం కాకతో అన్నాను.

పోచం కాక నాకు చుట్టం కాదు. బొగ్గుబాయిలో సర్దారుగా పనిచేసి విరమించిన మనిషి. సర్దారంటే కార్మికులకన్నా ముందు లోపలికి వెళ్లి, గని కప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడును బట్టి అది నిలుస్తుందో కూలుతుందో తేల్చేవాడు. తట్టి చూసిన చోట సుద్దముక్కతో తేదీ, తన పొడి అక్షరాలు రాయాలి. ఆ రాత లేని కప్పు కింద ఎవరూ నిలబడకూడదు. విరమణ తర్వాత ఆయన మా హేతువాద సభలకు రావడం మొదలుపెట్టాడు. బాణామతి అనే చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపే ఊళ్లకు ఆయన పాత కారులోనే వెళ్లేవాళ్లం. వేదికెక్కి మాట్లాడేది నేను. తిరుగుదారిలో నా ఉపన్యాసాన్ని తట్టి చూసేది ఆయన. "గా ముచ్చట నువ్వు చూసినవా, ఎవలన్న చెప్తే విన్నవా?" అని అడిగేవాడు. విన్నదైతే మరుసటి సభలో చెప్పనిచ్చేవాడు కాదు. నేను రాసే ప్రతి వాక్యాన్నీ ఇవాళ్టికీ ఆ ప్రశ్న ఆపి అడుగుతుంది.

ఆ ఊళ్లలో మా మీద రాళ్లు పడేవి, అబద్ధపు ఫిర్యాదులు వచ్చేవి. అందుకే కాక కారుకు కెమెరా పెట్టించాడు. అది పెన్‌డ్రైవ్‌లో రాసుకునే రకం. నెలకోసారి ఆదివారం పొద్దున ఆ పెన్‌డ్రైవ్‌ను నా ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఉన్నదంతా తుడిచి, రెండు పార్టిషన్లుగా విడగొట్టి ఫార్మాట్ చేసేవాడు. వాటిని ఆయన అరలు అనేవాడు. మొదటి అర కెమెరాకు, రెండోది మా ఉపన్యాసాలకు. రెండూ ఒకేచోట ఉంటే వీడియోకు చోటు మిగలదు. పైగా ఆ కెమెరాకు మొదటి అర ఒక్కటే కనిపిస్తుంది, అదీ ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటేనే. ఇదంతా ఆయన ఒక్కొక్కటీ మార్చి మార్చి చూసి తెలుసుకున్నాడు. చివర కారును వీధి మలుపు దాకా నడిపి, వెనక్కి తెచ్చి, పెన్‌డ్రైవ్ తీసి, ఆ రెండు నిమిషాల వీడియో చూసేవాడు. చూశాకే దాని మీద అంటించిన కాగితంపై తేదీ రాసేవాడు.

"ఎర్రలైటు వస్తుంది గదా కాకా, మల్ల తీసి చూసుడెందుకు?" అన్నాను ఒకసారి దారిలో. మా ముందు పోతున్న ఆటోకు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతున్నాయి. ఆయన గడ్డంతో అటు చూపించాడు.

"గాయిన నిమ్మకాయను నమ్మిండు. నువ్వు ఎర్రలైటును నమ్మినవు. ఫరక్ ఏంది సారూ?"

నేను నవ్వాను.

"నవ్వకు. గాయిన మైకు వట్టుకొని ఎవలకూ చెప్తలేడు."

ఒక నెల ఆయన భార్య ఆసుపత్రిలో ఉండటంతో పెన్‌డ్రైవ్ పని నాకు అప్పగించాడు. నేను ఆదిలాబాద్ సభకు బయల్దేరే తొందరలో ఉన్నాను. ముందుగా ఉపన్యాసాలకు ఒక అర చేసి నిండా నింపాను. మిగిలినదాన్ని కెమెరాకు వదిలాను. వరస తారుమారైందని తోచలేదు. కారులో పెట్టగానే ఎర్రదీపం మిణుకుమంది. సాయంత్రం కాక ఫోన్ చేశాడు.

"తీసి చూసినవా?"

"చూసిన కాకా."

"తేదీ రాసినవా?"

"రాసిన."

తేదీ నిజంగానే రాశాను. చూడకుండా రాశాను.

పన్నెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం పూట, చెన్నూరు దారిలో కాక కారు ఒకామెను ఢీకొట్టింది. పత్తి ఏరి, రోడ్డు పక్కన నడిచి ఇంటికి పోతున్న కూలీ మనిషి. అక్కడికక్కడే ప్రాణం పోయింది. కాక తలకు దెబ్బ తగిలింది. చేలల్లో ఉన్నవాళ్లు చప్పుడు విన్నాకే తలెత్తారు. లారీ హారన్ విన్నామని కొందరు, అసలు లారీయే లేదని కొందరు. ఎదురుగా లారీ మీదికొస్తే తప్పించబోయి పక్కకు తిప్పాడా, లేక కునుకు పట్టిందా? కాకకు ఏమీ గుర్తు లేదు. పోలీసుల ముందు పెన్‌డ్రైవ్ తెరిచింది నేనే. మొదటి అరలో జమ్మికుంట సభ, మంచిర్యాల సభ, కరీంనగర్ సభ, అన్నీ నా ఉపన్యాసాలు. రెండో అర ఖాళీ.

మా సంఘంలోనే ఇద్దరు, లారీని కళ్లారా చూశామని సాక్ష్యం చెబుతామన్నారు. కాక వాళ్లను గడప బయటికి పంపించాడు. చనిపోయినామె భర్త లింగయ్య వచ్చిననాడు నేనక్కడే ఉన్నాను.

"నిన్ను తిట్ట రాలే పెద్దమనిషీ. లారీ ఉండెనా, లేకుండెనా? గదొక్కటి చెప్పు. పిల్లలు అడుగుతుండ్రు."

"యాదిలేదు లింగన్నా. ఉండెనంటే నేను కేసుల్నుంచి బయటవడ్త. గానీ చూసిన్నని ఎట్ల చెప్పుడు?"

లింగయ్య లేచి వెళ్లిపోయాడు. అప్పుడు కాక నా వైపు తిరిగాడు.

"ఆనాడు తీసి చూసినవా?"

"లేదు కాకా."

"మరి తేదీ రాసినవు."

తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు: "బాయిల కప్పు తట్టకుంటనే సుద్దతోని రాసెటోళ్లను చూసిన. గా కప్పుల కింద మనుషులు వోయిండ్రు. నువ్వు గసొంటోనివి అనుకోలే." తర్వాత, "ఎన్నో రాస్తవు గదా. గిది రాయి" అన్నాడు.

కేసు తేలకముందే కాక పోయాడు. ఒక మనిషి ప్రాణం తన తప్పు వల్ల పోయిందో, ఇంకొకరి తప్పు వల్ల పోయిందో తెలియకుండానే పోయాడు. తెలుసుకునే దారి మూసింది నేను. రుజువు లేనిదే దేన్నీ నమ్మవద్దని ముప్పై ఏళ్లు ఊరూరా చెప్పినవాణ్ని, నా మాటను మాత్రం రుజువు లేకుండా నమ్మమన్నాను. ఆయన అలా నమ్మింది జీవితంలో బహుశా ఆ ఒక్కసారే.

దీన్ని అచ్చుకు పంపేముందు లింగయ్య ఇంటికి వెళ్లి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు. "లారీ సంగతి లేదు గదా సారూ గిందుల" అన్నాడు.

చదివింది చాలు, లేవండి. మీ కారు దగ్గరికి వెళ్లండి. కెమెరాలోని పెన్‌డ్రైవ్ బయటికి తీసి, అందులో నిన్నటి దారి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. చూశాకే తేదీ రాయండి.