కోల్టు మీది నీలం

"మామ రివాల్వర్ నేను తీసుకుంట అత్తమ్మ. కాయిదం తెచ్చిన, జర సంతకం పెట్టు" అన్నాడు రాకేశ్, భోంచేసి చెయ్యి తుడుచుకుంటూ.

మామ కరుణాకర్ సంవత్సరీకం ముగిసిన మర్నాడు అది. అల్లుడు అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది. వంటింటి గడపలో నిలబడ్డ అత్త జమున కూడా అంతే మామూలుగా జవాబిచ్చింది.

"నేను పెట్ట. అది నాకే కావాలె."

రాకేశ్ నవ్వాడు. పక్కనే కూర్చున్న అతని భార్య, జమున కూతురు హర్షిణికీ నవ్వొచ్చింది. "నీకెందుకవ్వా? కోతులను కొడ్తవా?"

"కోతులకు గులేరుతోని రాయి కొడితే చాలు. అది నాకిష్టం. గందుకే కావాలె."

నవ్వులు ఆగిపోయాయి. ఇంటికి అల్లుడు నోరు తెరిచి ఒకటి అడిగితే అత్త లేదనడం ఆ ఇంట్లో అంతవరకు జరగలేదు.

కరుణాకర్‌కు కరీంనగర్ నుంచి హుస్నాబాద్ పోయే దారిలో చిన్న రైస్ మిల్లు ఉండేది. వడ్ల సీజన్లో పైసలు జీపులో తెచ్చుకునే రోజుల్లో లైసెన్సు తీసుకుని, చేతులు మారి వచ్చిన పాత కోల్ట్ రివాల్వర్ ఒకటి కొన్నాడు. తరువాత పైసలన్నీ బ్యాంకులోనే నడవడం మొదలైనా రివాల్వర్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. మనిషి పోయాక లైసెన్సు లేని ఇంట్లో దాన్ని ఉంచరాదు కనుక కరీంనగర్‌లో ఓంప్రకాశ్ ఆయుధాల దుకాణంలో అప్పజెప్పారు. కుటుంబంలో ఎవరైనా ఒకరు తమ పేరు మీదికి మార్చుకోవచ్చు, కానీ మిగతా వారసుల సమ్మతి ఉండాలి. ఇక్కడ వారసులు ఇద్దరే, భార్యా, కూతురూ. రాకేశ్ తెచ్చిన కాగితం జమున సమ్మతి కోసం.

రాకేశ్ మంచిర్యాలలో ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. అతనికి నడుముకు రివాల్వర్ ఉంటే బాగుంటుందని చాలా రోజుల కోరిక. చెడ్డవాడు కాదు. పెళ్లిళ్లలో నలుగురి కళ్లు తన మీద పడాలనుకునే మనిషి, అంతే.

జమున సంగతి వేరు. రివాల్వర్ ఇంటికొచ్చిన మొదటి దసరాకు కరుణాకర్ దాన్ని పీట మీద పెట్టి, మిల్లు మోటారుకు పూజ చేసినట్టే పసుపు నీళ్లతో అలికి కుంకుమ బొట్లు పెట్టాడు. జమ్మి ఆకు పంచుకుని, ఊరంతా తిరిగి వచ్చేసరికి బొట్లు ఎండిపోయాయి. నాలుగు రోజులకు చూస్తే బొట్టు పెట్టిన ప్రతిచోటా ఎర్రగా తుప్పు చుక్కలు. కరుణాకర్ కోపంతో ఇల్లంతా ఎగిరాడు. జమున కొబ్బరినూనె రాసి తుడిచింది. చుక్కలు కొంత తగ్గాయి కానీ చలికాలం రాగానే నూనె లోపల గడ్డకట్టి చక్రం తిరగడం మానేసింది. ఈసారి ఆయన ఎగరలేదు. "నువ్వే చెడగొట్టినవ్, నువ్వే బాగుచెయ్" అని తూటాలు తీసేసి ఆమె ఒళ్లో పెట్టి పోయాడు.

ఆమె కుట్టుమిషన్‌కు వేసే నూనె తెచ్చింది. మెత్తటి పాత ధోతి పేలికలు, పళ్లు తోమే బ్రష్షు, వెదురు పుల్ల దగ్గర పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చుంది. ఎవరూ నేర్పలేదు. ఎక్కడ మురికి దాగుతుందో వేలితో వెతికింది, ఎంత నూనె ఎక్కువో మరుసటి రోజు దుమ్ము పట్టినచోట చూసి తెలుసుకుంది. అప్పటినుంచి దాని బాగోగులు ఆమెవే. పూజ రోజున బొట్టు పీటకే తప్ప ఇనుముకు పెట్టనిచ్చేది కాదు. కరుణాకర్ వచ్చినవాళ్లకు రివాల్వర్ చూపించేవాడు, వాళ్లు పోయాక ఆమె వాళ్ల వేలిముద్రలు తుడిచేది. చెమట ఉప్పు ఇనుమును తింటుందని ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా పట్టేది కాదు.

ఆమెకు ఇష్టం అట్లా పెరిగింది. దాని వల్ల ఎప్పుడూ ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఆమె తగలాలనుకోలేదు కూడా. మంచి పనివాడి చేతిలో తయారైన వస్తువును రోజూ తుడిచేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. చెప్పమంటే చెప్పలేకపోవచ్చు.

జమున సంతకం పెట్టననేసరికి రాకేశ్ తగ్గలేదు. వారం తిరక్కుండా అత్తనూ భార్యనూ కారులో కరీంనగర్ తీసుకెళ్లాడు. "ఓంప్రకాశన్న చెప్తేనన్న వింటవా?" అన్నాడు.

ఓంప్రకాశ్ ఆ బజారులో చాలా ఏళ్లుగా తుపాకుల మరమ్మతులు, అమ్మకాలు చేస్తున్నాడు. జమునను చూడగానే కుర్చీ తెప్పించాడు. "జమునమ్మా, మీ అల్లుడు ఫోన్ చేసిండు. మీకసలు గింత పాతది ఎందుకమ్మా? ట్రిగ్గర్ గట్టిగుంటది. గీ చిన్నది చూడుండ్రి. ఆడవాళ్ల చేతికి సరిపోయేటట్టు మన దేశంలనే తయారైతున్నది. తేలిక."

జమున ఆ చిన్న రివాల్వర్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగనే ఉన్నది. వట్టిగ బాగలేదని ఎందుకంట? కానీ నేను చేతి కొలతకు గాజులు కొనుక్కోను రాలేదన్నా. మాది తియ్యి."

ఓంప్రకాశ్ ఇనుప బీరువా తెరిచాడు. కోల్టుతోపాటు ఇంకో రెండు పాత రివాల్వర్లు కూడా తీసి, అన్నీ ఖాళీగా ఉన్నాయని తెరిచి చూపించి, ఆకుపచ్చ బనాతు గుడ్డ మీద వరుసగా పెట్టాడు. ఒకటి వెబ్లీ, ఇంకొకటి స్మిత్ అండ్ వెస్సన్. మూడూ ఒకే రకం పని చేసేవే. వేలితో ట్రిగ్గర్ లాగితే చాలు, తూటాల చక్రం ఒక గడి తిరుగుతుంది, వెనక హ్యామర్ లేచి పడుతుంది. పని ఒకటే అయినా రూపం మూడింటిదీ మూడు తీర్లు.

"రాకేశన్నా, అందంల ఫస్ట్ ఏది?" అన్నాడు ఓంప్రకాశ్. దుకాణంలో ఈ పంచాయితీ పెట్టడం అతనికి సరదా.

రాకేశ్ వెబ్లీ తీసుకున్నాడు. "ఇదే అన్నా. మగాని లెక్క ఉన్నది. పాత సినిమాల దొరల చేతుల ఉంటది."

"దున్నపోతు లెక్క ఉన్నది" అంది హర్షిణి.

"దున్నపోతుకేం తక్కువనే? బలం ఉంటది" అన్నాడు రాకేశ్.

ఓంప్రకాశ్ వెబ్లీ గొళ్లెం నొక్కి నడుము దగ్గర విరిచాడు. అడకత్తెర తెరుచుకున్నట్టు గొట్టం ముందుకు వంగింది, తూటాలు ఉండే చక్రం నోరు తెరిచి పైకొచ్చింది. "చూడుండ్రి, ఖాళీ చేసుడు దీనంత సులువు దేనికీ లేదు. కానీ ముక్కు మొండిగుంటది. పిడి కాడ వంపు చూడు, ఎవరో తొందరల వంచినట్టు. నేనైతే స్మిత్‌కే ఓటేస్త. గొట్టం కింద, కాల్చిన గుండ్లను బయటికి తోసే గీ ఊచ కొసను పట్టుకోను చిన్న బొడిపె పెట్టిండ్రు. ఒక్కటి ఊగది. ట్రిగ్గర్ మొదటి నుంచి చివరి దాంక ఒక్క తీరే వస్తది. ఏం జమునమ్మా?"

జమున స్మిత్‌ను చేతిలోకి తీసుకుని చూసింది. "పని మాత్రం దీనిదే చక్కగున్నది. ఇస్త్రీ చేసి మడతపెట్టిన అంగీ లెక్క, ఎక్కడ ముడత లేదు. తప్పు పట్టను రాదు." కింద పెట్టి కోల్టు తీసుకుంది. చక్రం గొళ్లేన్ని వెనక్కి లాగి, ఖాళీగా ఉందో లేదో మళ్లీ చూసుకుంది. స్మిత్‌కు ముందుకు తోసే గొళ్లెం, దీనికి వెనక్కి లాగేది. ఆమె బొటనవేలికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. "దీని ఊచ చూడు, కింద దాపు లేకుండ బయటనే ఉన్నది. దాచుకునేదేం లేదన్నట్టు. గొట్టం సన్నగ పోతది, ముందుకు పోయినకొద్ది తేలికైతది. వీపు కాడికెళ్లి పిడి దాంక గీత ఎక్కడ తెగది. చేతుల పట్టుకుంటే ఎక్కడ ఆగాల్నో దానికే తెలుసు. ట్రిగ్గర్ చివరికి బిగుస్తది, నిజమే. అదొక్కటి స్మిత్‌ది మేలు."

"మరి ఇంక దీంట్లేమున్నది?" అన్నాడు రాకేశ్.

"నీలం."

ఆమె దాన్ని తలుపు వైపు తిప్పింది. ఎండ తగిలేసరికి నల్లటి ఇనుములోంచి నీలం పైకి వచ్చింది. నేరేడు పండు మీద వేలితో రాస్తే కనిపించే రంగు. గొట్టం పక్కన రెండుచోట్ల పాత తుప్పు తాలూకు గోధుమరంగు మచ్చలున్నాయి. ఎడమ పక్కన ముందరి కాళ్లెత్తిన గుర్రం బొమ్మ, అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి.

"గా మచ్చల సంగతే నేను చెప్తున్న" అని రాకేశ్ అందుకున్నాడు. "నేను తీసుకున్నంక మొత్తం తెల్లగ పాలిష్ కొట్టిస్త. వెండి లెక్క మెరవాలె. పాలిష్ చేసేటోనితోని మాట్లాడి పెట్టిన."

జమున ఓంప్రకాశ్ వైపు చూసింది. "పాలిష్ ఎక్కాలంటే ముందుగాల ఏం జేస్తరన్నా?"

ఓంప్రకాశ్ కొంచెం ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "పాత రంగు పూర్తిగ తియ్యాలె. సాన చక్రం మీద పట్టి రుద్దుతరు."

"గుర్రం?"

"అరుగుతదమ్మా. అక్షరాలు గూడ కొంచెం పోతయి. ఫ్యాక్టరీ నుంచే తెల్లగ వచ్చినవి వేరే ఉంటయి, వాటి అందం వాటిది. ఇది నీలంగనే పుట్టింది."

"విన్నవా?" అంది జమున అల్లుడితో. "మంచిగున్నదాన్ని రుద్ది మెరిపిస్తనంటున్నవ్. నా చేతిల ఉండంగ కానియ్య."

రాకేశ్ మొహం ఎర్రబడింది. "అత్తమ్మ, నలుగుర్ల నన్ను గింత మాటంటవా? సరే. నువ్వు సంతకం పెట్టకుంటే హర్షిణి గూడ పెట్టది. ఇద్దరికీ రాదు. ఇక్కడనే పడుంటది, లేకుంటే అమ్ముడు పోతది. చెప్పు హర్షిణి, పెట్టనని చెప్పు."

ఇంకెక్కడా దారి లేదు. కూతురు సంతకం లేకపోతే జమునకు రాదు, తన సంతకం లేకపోతే రాకేశ్‌కు రాదు. ఎవరో పరాయివాడు కొనుక్కుపోయి రుద్దించినా చెయ్యగలిగిందేమీ ఉండదు. జమున కోల్టును గుడ్డ మీద పెట్టింది. చెయ్యి మాత్రం దాని మీదినుంచి తియ్యలేదు.

హర్షిణి మొగుణ్నీ తల్లినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరు గుంజుకుంటున్నరు గదా. బాపు వస్తువు. నేను ఆయన బిడ్డను. నాకు కావాల్నా అని ఒక్కలన్న అడిగిండ్రా?"

రాకేశ్‌కే కాదు, జమునకూ ఆ మాట తగిలింది. అడగాలన్న సంగతే ఆమెకు తోచలేదు.

"నీకు కావాల్నా బిడ్డా? కావాలంటే చెప్పు. నేను తప్పుకుంట. నీ పేరు మీదనే రాయిద్దాం" అంది. కోల్టు మీదినుంచి చెయ్యి తీసేసింది.

హర్షిణి కొంచెంసేపు కోల్టు వైపు చూసింది. "నాకొద్దు. దానికి నూనె పెట్టే ఓపిక నాకు లేదు. ఇప్పటికైనా అడిగినవ్, చాలు." ఓంప్రకాశ్ వైపు తిరిగింది. "అన్నా, అవ్వ పేరు మీద సమ్మతి ఎట్ల రాయాల్నో చెప్పు."

"హర్షిణీ!" అన్నాడు రాకేశ్.

"నువ్వు కావాల్నంటే కొత్తది కొనుక్కో. తెల్లగ ఉన్నదే కొనుక్కో, నేనేమన్నొద్దంటున్ననా?" అంది ఆమె, పెన్ను తెరుస్తూ.

సంతకం కాగానే కారులో తిరిగి బయలుదేరారు. రాకేశ్ అత్తను ఇంటి ముందర దింపి, చాయ్ కూడా తాగకుండా మంచిర్యాల వెళ్లిపోయాడు.

జమున పెట్టుకున్న లైసెన్సు దరఖాస్తు మీద విచారణకు ఎస్సై మమతారాణి స్వయంగా ఇంటికి వచ్చింది. అంతకుముందే తెలిసినవాళ్లందరూ జమునకు నూరిపోశారు, ప్రాణభయం ఉన్నదని చెప్పు, మిల్లు దగ్గర దొంగలు తిరుగుతున్నరని చెప్పు, లేకపోతే ఇవ్వరని.

"మీకెవరి నుంచన్న భయమున్నదా అమ్మా?" అడిగింది ఎస్సై.

"లేదు మేడం."

"మరెందుకు?"

"ఇంట్లకు వచ్చినకాడికెళ్లి దాన్ని నేనే చూసుకున్న. నాకది మంచిగనిపిస్తది. భయముందని దొంగమాట చెప్పి తీసుకునుడు నాతోని కాదు. వారసత్వం కింద ఇచ్చేటట్టుంటే ఇయ్యిండ్రి."

మమతారాణి తలెత్తి చూసింది. "మంచిగనిపిస్తదని ఎవరు చెప్పరమ్మా. అందరు భయమనే చెప్తరు." నవ్వు ఆపుకోలేకపోయింది. "వారసత్వం అనే రాస్త. కానీ కాల్చుడు నేర్చుకున్నట్టు శిక్షణ సర్టిఫికెట్ కావాలె. ఫైరింగ్ రేంజ్‌కు పోవాలె. పోతరా?"

"పోత."

పోయింది. అక్కడున్నవాళ్లు చాలావరకు కుర్రాళ్లు. రేంజ్‌వాళ్ల తుపాకుల్లో అలాంటి పాత కోల్టే ఒకటి ఉంటే అదే అడిగి తీసుకుంది. ఆమె మొదట కాల్చినవి గురి కాగితం తప్పి వెనకున్న మట్టికట్టకే తగిలాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. శిక్షణ ఇచ్చే ముసలి హవల్దార్ జాలిపడి, "అవ్వా, ముందుగాల బొటనవేలితోని హ్యామర్ వెనుకకు గుంజి పెట్టుకో. ట్రిగ్గర్ అల్కగైతది, వేలికి బరువుండది" అన్నాడు.

"అట్ల గూడ నేర్పు. కానీ ముందు మొత్తం వేలితోనే చేసుడు రావాలె నాకు. అది తయారైందే అందుకు గదా."

వేలు నొప్పిపుట్టింది, పొక్కింది. మరుసటి వారం మళ్లీ వెళ్లింది. ట్రిగ్గర్ చివర ఎక్కడ బిగుస్తుందో అక్కడ ఊపిరి బిగబట్టి నిదానంగా లాగడం చేతికొచ్చాక గుండ్లు కాగితానికి తగలడం మొదలైంది. నడిమధ్యలో కాకపోయినా కాగితానికి తగిలాయి. హవల్దార్ సర్టిఫికెట్ రాసిచ్చాడు.

లైసెన్సు వచ్చి కోల్టు ఇంటికొచ్చిన కొద్ది రోజులకే రాకేశ్ ఫోన్ చేశాడు. దుకాణం సంగతి తరువాత అతను అత్తతో మాట్లాడటం అదే మొదటిసారి. గొంతు మామూలుగానే ఉంది.

"అత్తమ్మ, మా తమ్ముని పెండ్లి కుదిరింది. ఒక్క రోజు జర గది ఇయ్యరాదు. నడుముకు పెట్టుకుని మళ్ల ఇచ్చేస్త. ఎవలకు తెల్వది."

"ఒకరి లైసెన్సు మీద ఒకరు పెట్టుకునేది కాదు బిడ్డా. తెలిసినా తెల్వకున్నా ఇయ్య."

"గింత పట్టుదలనా?"

"గింతనే. పెండ్లికి నేనొస్త. రెండు రోజులు ముందుగాలనే వచ్చి పనులన్ని చేస్త. అది రాదు."

రాకేశ్ పెద్దగా నిట్టూర్చాడు. "సరే తియ్యి. రెండు రోజులు కాదు, నాలుగు రోజుల ముందుగాల రా. వంటోళ్ల తోని నువ్వే మాట్లాడాలె, వాళ్లు నా మాటింటలేరు."

"వాళ్లకేం, నేను చెప్త" అంది జమున.