నీళ్లు తాగిన మూటలు

ఆబిడ్స్‌లో నేను నౌకరికి కుదిరిన టికెట్ల ఆఫీసులో, వీధి వైపు అద్దం వెనక, ఒక విమానం బొమ్మ ఉండేది. యజమాని రోజూ పొద్దున దాన్ని తన జేబురుమాలుతో తుడిచేవాడు. ఇంట్లో దేవుడి పటాన్ని ఎప్పుడైనా అలా తుడిచాడో లేదో నాకు తెలియదు. ఆయన విమానం ఎక్కింది ఒక్కసారి, అదీ బొంబాయి దాకా. ఆ ఒక్క ప్రయాణాన్ని ఎన్నిసార్లు చెప్పాడంటే, ఆకాశంలో ఆయన చేతికిచ్చిన పిప్పరమెంటు రుచి నా నాలుకకు కూడా తెలిసిపోయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి పదేళ్లు దాటింది. నేను నాలుగో తరగతితో బడి ఆపేసినదాన్ని. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. మా ఆయన ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి దుకాణంలో గుమాస్తా. మిర్చి ఘాటుకు ఆయనకు దగ్గు పట్టుకుంది. పొద్దున దగ్గుతూ పోయి సాయంత్రం దగ్గుతూ వచ్చేవాడు. నాకంటూ ఒక నౌకరి దొరికితే ఆయనను ఆ దుకాణం మాన్పించాలని నా పట్టుదల.

నాకు వచ్చిన విద్య ఒక్కటే, చెప్పడం. మా అత్తగారితో ఒకసారి కాశీ పోయి వచ్చాను. మధ్యాహ్నాలు బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఆ యాత్రంతా చెబుతుంటే, గల్లీ ఆడవాళ్లు తమ చాటలు తెచ్చుకుని మా వాకిట్లోనే కూర్చునేవారు. వాళ్లలో ఒక పెద్దావిడ ఉండేది. కొడుకు బషీర్‌బాగ్‌లో బంగళా కట్టి తీసుకుపోయినా, పాత గల్లీ మీద మమకారం చావక రిక్షాలో వచ్చేది. ఆమె కొడుకే ఈ విమానం బొమ్మ మనిషి.

"మావోడు టికెట్ల దుకాణం పెట్టిండు, ఈగలు గూడ వాలుతలేవు" అంది ఒకనాడు. "విమానంల పోయేటోళ్లు ఈ ఊర్ల ఎంతమంది ఉన్నరమ్మా? నువ్వు పోయి గాడ కూసో. కాశీ యాత్ర పెట్టమని వానికి నేను చెప్పిన."

"మీరు పోలేదా పెద్దమ్మా కాశీకి?"

"విమానంల తీస్కపోతా అంటడు. ఏడేండ్ల సంది అంటనే ఉన్నడు."

నన్ను చూడగానే ఆయన ముఖం ముడుచుకుంది. నేత చీర, చేతిలో గుడ్డ సంచి. ఇలాంటిది తన అద్దాల గదిలో ఎక్కడ సర్దాలా అని చూసినట్టు చూశాడు.

"ఇంగ్లీష్ వస్తదా?"

"రాదు సార్."

"టైపు?"

"రాదు సార్."

"మరేం వస్తదమ్మా నీకు?"

"గయల పిండాలు పెట్టేటప్పుడు చెప్పులు ఏడ విడిస్తే పోవో తెలుసు సార్."

ఆయనకు నవ్వు రాలేదు. తల్లి మాట కొట్టేయలేక నన్ను పెట్టుకున్నాడు. కుర్చీలన్నీ కస్టమర్లకట, నాకు తలుపు పక్కన స్టూలు వేయించాడు. రైల్వేవాళ్ల దగ్గర ఒక బోగీ మాట్లాడుతున్నానని, నలభై ఎనిమిది మంది నిండితేనే అది దొరుకుతుందని చెప్పాడు. "ఒక్క సీటు ఖాళీ ఉన్నా బోగీ రాదు. బోగీ రాకపోతే నువ్వు గూడ రానక్కర లేదు" అన్నాడు. మర్యాదలో ఆయన అంతటివాడు.

మూడు వారాల్లో నింపాను. గొప్ప చెప్పుకోవడం కాదు. ఆయన గోడకు వేలాడదీసిన ప్రపంచం మ్యాపు ఒక్కరిని కూడా లోపలికి రప్పించలేదు. త్రివేణిలో పడవవాడు మా అత్తగారితో పడిన తగువు నేను చెబుతుంటే విని, ఒక్క మధ్యాహ్నమే తొమ్మిదిమంది పేర్లు రాయించారు.

అప్పుడు రైల్వేవాళ్లు తేదీ ఇచ్చారు. మంగళవారం.

కాశీ ఉన్నది ఉత్తరాన. మంగళ, బుధవారాలు ఉత్తరానికి వారశూల. ఆ రోజుల్లో ఆ దిక్కుకు మావాళ్లు గడప దాటరు. ఈ ముక్క చెబితే ఆయన టై సర్దుకుని, "మంగళారం పోతే రైలు పట్టాలు దిగుతదా? ఏం మనుషులమ్మా మీరు!" అన్నాడు. మీరు అట. ఆయన తల్లి ఆయన పెళ్లికి ఎన్ని పంచాంగాలు తిరగేసిందో మా గల్లీ మొత్తానికి తెలుసు.

దీనికి మన పెద్దలు ఎప్పుడో దారి చూపించారు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. మనిషికి మంచి గడియలో బయలుదేరడం కుదరకపోతే, ఆ గడియకు తన మూటను బయలుదేరదీస్తారు. కొత్త గుడ్డలో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, వక్క, ఒక రూపాయి కట్టి, వేరేవాళ్ల ఇంట్లో పెట్టి వస్తారు. మూట గడప దాటిందంటే మనిషి దాటినట్టే. తర్వాత ఏ రోజు బండెక్కినా దోషం లేదు. ఒక్కటే నియమం, ప్రయాణం అయ్యేదాకా ఆ మూట మళ్లీ ఇంటికి రాకూడదు.

"శుక్రవారం పొద్దున మంచిగున్నది సార్. మూటలు మన ఆఫీసుల పెట్టుకుంటరు. మంగళారం గాడనుంచే తీసుకొని బండెక్కుతరు" అన్నాను.

"పెట్టుకోనీ" అన్నాడు. వింటున్నాడనుకున్నాను. వినలేదు, విమానం రెక్క తుడుస్తున్నాడు.

శుక్రవారం పొద్దున ఆ ఆఫీసుకు మొదటిసారి కళ వచ్చింది. ఇంటికొకటి చొప్పున ముప్పై ఒక్క మూటలు గోడ పొడుగునా వరసగా కూర్చున్నాయి. ఆడవాళ్లు ఒకరి మూటకు ఒకరు బొట్టు పెట్టి, నవ్వుకుంటూ పోయారు.

శనివారం మధ్యాహ్నం బోగీ కాగితాల కోసం నన్ను స్టేషన్‌కు పంపాడు. తిరిగి వచ్చేసరికి గోడ ఖాళీ. గది నిండా ఫినాయిలు వాసన. ఆయన చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"మూటలేవి సార్?"

"లండన్ పోయే పెద్దాఫీసరు భార్యతోని వస్తున్నడమ్మా. ఇది ఆఫీసా, ధోబీఘాటా? అందుకే అందరి సామాను వాళ్ల వాళ్ల ఇండ్లకు పంపించేసిన. రెండు రిక్షాలు మాట్లాడిన. మన కంపెనీ పేరుతోని చీటీలు గూడ పెట్టిచ్చిన. ఖుష్ అయితరు చూడు!"

మంచి పని చేశాననుకుంటున్న మూర్ఖుడి ముఖం ఎలా వెలుగుతుందో ఆ రోజు దగ్గరగా చూశాను. వాళ్లెవరూ అడగకుండానే, నలభై ఎనిమిది మంది కాశీ యాత్రను రిక్షా కట్టించి ఇంటికి తోలేశాడు. వెంటనే రోడ్డు మీదికి పరుగెత్తాను. చెప్పినా ఆ తలకాయలోకి దిగేది కాదు.

మొదటి రిక్షాతో ఆఫీసు చప్రాసీ వెళ్లాడు, అది అందే ఆశ లేదు. రెండోది మాత్రం మొజంజాహీ మార్కెట్ దగ్గర పండ్ల దుకాణాల ముందు ఆగి కనిపించింది. రిక్షావాడు చీటీలు చేతిలో పట్టుకుని పండ్లవాళ్లను ఒక్కొక్కరినీ బతిమాలుతున్నాడు. మా దొరగారు అడ్రసులన్నీ ఇంగ్లీషులో రాయించారు! అమ్మేవాళ్లలో ఉర్దూ వచ్చినవాళ్లు, తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారు గానీ ఆ గీతలు చదివేవాడు ఒక్కడూ లేడు. ఆయన ఇంగ్లీషు వల్ల నాకు కలిగిన మేలు అదొక్కటే.

"ఎవ్వరికీ సమజ్ అయితలేదమ్మా, గంట సంది తిరుగుతున్న" అన్నాడు రిక్షావాడు.

"తిరిగింది చాలు తమ్మీ. మా ఇంటికి పోనియ్."

పదిహేను మూటలు అలా ఇళ్లకు చేరకుండానే మా ఇంటికి చేరాయి; వాటిలో నాదాన్ని మాత్రం మా గడప దాటనివ్వకుండా పక్కింట్లో పెట్టాను. మిగిలిన పదహారు అప్పటికే గడపలెక్కి కూర్చున్నాయి. సాయంత్రానికి ముగ్గురు మా వాకిట్లో నిలబడ్డారు.

"ఏందమ్మా ఇది? ఇంక పోనే పోలే, వచ్చినట్టయిందా మా యాత్ర?"

"మా అత్త ఏడుస్తున్నది. మా పేర్లు కొట్టెయ్."

మా ఆయన లోపల దగ్గుతున్నాడు. ఆ దగ్గు వింటూ ఆలోచించాను. ఇంట్లోంచి బయలుదేరిన మనిషిని ఎవరైనా వెనక్కి పిలిస్తే మనం ఏం చేస్తాం? యాత్ర మానుకోం. లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరుతాం. మనిషికి చెల్లింది మూటకు ఎందుకు చెల్లదు?

పంచాంగం చూసే అయ్యగారిని అడిగాను. ఆయన చాలాసేపు మీసం దువ్వి, "శాస్త్రంల రాసిలేదు గని, కాదని గూడ రాసిలేదు. రేపు ఆదివారం, ఉత్తరానికి శూల లేదు, పొద్దున మంచి గడియ ఉన్నది" అన్నాడు. నాకు అది చాలు. ఆ సాయంత్రమే పదహారిళ్లు తిరిగాను. మూటను పీట మీద కూర్చోబెట్టండి, ముందు గ్లాసెడు నీళ్లు పెట్టండి, రేపు పొద్దున మళ్లీ గడప దాటించండి, ఈసారి మా ఇంటికే తీసుకురండి అని చెప్పాను.

ఉస్మాన్‌గంజ్‌లో ఒకావిడ నడుం మీద చెయ్యేసుకుని అడిగింది. "మూట నీళ్లు తాగుతదా? మూతేడుంది దానికి?"

"మన మూతులు శానా ఉన్నయ్ గద అక్కా. దానికి ఒక్కదానికి లేకుంటే ఏమాయె?"

ఆమె నవ్వేసింది. నవ్విన మనిషి కాశీ పోతుంది. ఒక్క ముసలమ్మ మాత్రం నవ్వలేదు. ఒంటరి మనిషి, మూటను అప్పటికే విప్పి బియ్యం వండుకుని తినేసింది. "గంగమ్మే వద్దన్నది బిడ్డా" అని తలుపు దగ్గరికి వేసింది. ఆమెను తప్పుపట్టలేను. తప్పెవరిదో నాకు తెలుసు. కానీ నలభై ఎనిమిదిలో ఒకటి తగ్గింది. ఒక్క సీటు. బోగీ రాదు.

ఆదివారం పొద్దున మా ముందుగదిలో అడుగు పెట్టే చోటు లేకుండా మూటలు చేరాయి. మూటలు లెక్కపెట్టి, లెక్క తెలిసి కూడా మళ్లీ లెక్కపెడుతున్నాను. అప్పుడు వాకిట్లో రిక్షా ఆగింది. పెద్దావిడ దిగింది. ఆమె చేతిలో పసుపు గుడ్డ మూట.

"రాత్రి అన్నం తినుకుంట చెప్పిండు, అందరి సామాను ఇంటికి పంపిచ్చి ఎట్ల ఖుష్ చేసిండో. విన్నంక నాకు ముద్ద దిగలే. సీటున్నదా?"

"ఒక్కటున్నది పెద్దమ్మా. మీ కోసమే ఆగినట్టున్నది. సార్ ఆఫీసుల పెట్టకుండ గీడికి తెచ్చిన్రేంది?"

"ఆడ పెడితే బొంబాయి పంపిస్తడు" అంది.

సోమవారం పొద్దున నేను నిండిన పట్టిక ఆయన బల్ల మీద పెట్టాను. నలభై ఎనిమిదో పేరు దగ్గర ఆయన వేలు ఆగింది.

"మా అమ్మనా? థర్డ్ క్లాసులనా? గీ మందితోనా?"

"నేను గూడ గా మందిలనే ఉన్న సార్."

ఆ మధ్యాహ్నమే మా గల్లీకి కారు వచ్చింది. కారు పట్టే గల్లీ కాదు, మూల దగ్గర ఆపి నడుచుకుంటూ వచ్చాడు, నిగనిగలాడే బూట్లకు బురద అంటకుండా ఎగురుతూ. పెద్దావిడ ఎప్పటిలాగే చాట పట్టుకుని మా వాకిట్లో కూర్చుని ఉంది. ఆయన మా గుమ్మం ఎత్తు చూసుకోలేదు, పైకమ్మికి నుదురు తగిలింది. లోపల మూటల మధ్య పసుపు గుడ్డ మూటను పోల్చుకుని, వంగి చెయ్యి చాపాడు.

"ముట్టకు" అంది పెద్దావిడ.

"అమ్మా, నేను నిన్ను విమానంల..."

"అందరి మూటలు ఇండ్లకు తోలిచ్చినవ్ బిడ్డా. తల్లి మూట గూడ తోలిస్తవా?"

ఆయన చెయ్యి గాలిలోనే ఉంది. గల్లీ ఆడవాళ్లు చాటలు ఆపి చూస్తున్నారు. అంత చదువుకున్న మనిషి, అన్ని దేశాల పేర్లు మ్యాపులో చూపించే మనిషి, గుప్పెడు బియ్యం కట్టిన మూట ముందు ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. నాకు జాలి వేయలేదు. వేయలేదని ఇప్పుడు కూడా దాచుకోను.

మా ఇంట్లో కుర్చీలు లేవు. పీట వేశాను. టై ఒళ్లో పడేసుకుని కూర్చున్నాడు. గ్లాసుతో నీళ్లిచ్చాను. తాగి, లేచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే బోగీ కాగితాల మీద సంతకం పెట్టాడు.

మంగళవారం అందరూ మా ఇంటికే వచ్చి, ఎవరి మూట వాళ్లు తీసుకుని నాంపల్లి స్టేషన్‌కు నడిచారు. ఆయన ప్లాట్‌ఫారం మీద కంపెనీ పేరు రాసిన గుడ్డను ఇద్దరి చేత పట్టించి నిలబడ్డాడు. దాన్ని ఎవరూ చదవలేదు.

కాశీ నుంచి వచ్చాక నేను మళ్లీ ఆ స్టూలు మీద కూర్చోలేదు. రామేశ్వరం ఎప్పుడు తీసుకుపోతావని అడగడానికి ఆడవాళ్లు ఆబిడ్స్ పోలేదు, మా వాకిట్లోకే వచ్చారు. రెండో యాత్ర అయ్యేసరికి మా ఆయన మిర్చి దుకాణం మానేసి, నా కోసం స్టేషన్ కాగితాలు రాయడం మొదలుపెట్టాడు. దగ్గు పూర్తిగా పోలేదు, తగ్గింది.

మా ఇంటికి ఎప్పుడూ బోర్డు పెట్టలేదు. మా ముందుగదిలో గోడ పొడుగునా మూటలు కనిపిస్తే ఆ వారం బండి ఉందని గల్లీకి తెలిసేది. పొద్దున్నే ఊడ్చేటప్పుడు చీపురు కొస తగలకుండా వాటి చుట్టూ ఊడ్చేదాన్ని.