ఊగని నూగు

అద్దంకి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఏటా క్లామిడోమోనాస్ పాఠానికి పత్తిచేల పక్క కుంటలోంచి పచ్చనీళ్లు తెచ్చి కిటికీలో పెడతాను. కాసేపటికి పచ్చదనమంతా వెలుతురు వైపు చేరుతుంది. క్లామిడోమోనాస్ ఒక ఒంటికణం నాచు. ముందువైపు సన్నటి నూగులాంటి కశాభాలు రెండుంటాయి. వాటితో నీటిని వెనక్కి తోసుకుంటూ ఈదుతుంది.

మా చెల్లెలి కూతురికి పుట్టినప్పటి నుంచీ దగ్గే. చెల్లెలు మిరప కల్లాల్లో కూలికి పోతుంది. ఆ ఘాటువల్లేననుకున్నాం. పాస్టరు గారు ఎన్నోసార్లు ప్రార్థన చేశారు. పోయినేడు, పిల్లకు ఎనిమిదేళ్లప్పుడు, గుంటూరులో పరీక్షలు చేయించాం.

"ఘాటు కాదమ్మా," అన్నాడు డాక్టరు. "ఊపిరి గొట్టాల్లో నూగులాంటివి ఉంటాయి. అవి ఊగుతూ కఫాన్ని పైకి తోస్తాయి. ఈ పాపకి పుట్టుకతోనే ఊగవు."

చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇది నువ్వు చెప్పే పాఠమేగా! ఏం చేద్దామక్కా?"

నిజమే, నా పాఠమే. ఆ నూగు లోపలి కట్టడం నాచులోనూ మనిషిలోనూ దాదాపు ఒకటే. దాని బొమ్మ కళ్లు మూసుకుని వేయగలను. అయినా, "మందుందా అండీ?" అని మాత్రమే అడగగలిగాను.

"నయం చేసేది లేదండీ. రోజూ వీపు తట్టి కఫం తీయించాలి. జ్వరమొస్తే ఆలస్యం చేయకుండా తీసుకురండి."

ఒక శనివారం పిల్ల నాతో కాలేజీకి వచ్చింది. స్టూలెక్కి మైక్రోస్కోపులోకి చూసింది.

"పెద్దమ్మా, ఎంత స్పీడుగా పోతున్నాయో! నాలోనూ ఇలాంటి నూగేనా?"

"ఊఁ."

"మరి నాది ఎందుకు ఊగదు?"

"అందులో ఒక చిన్న ముక్క తయారు కాలేదమ్మా."

"ఇప్పుడు తయారు చెయ్యలేరా?"

ఇంతలో దానికి దగ్గు తెర వచ్చింది. స్టూలు మీంచి దించి, ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని వీపు తట్టాను. కళ్లెర్రబడేదాకా దగ్గింది.

ఈ ఏడు రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. ఎందుకైనా మంచిదని చెల్లెలు కల్లాలు మానేసి పత్తి తీతకు పోతోంది. దగ్గు తగ్గలేదు. పొద్దున్నే కాలేజీకి వెళ్లేముందు వాళ్లింటికి పోయి నేనే వీపు తడతాను. నిన్న అరగంట తట్టినా కఫం రాలేదు.

"చాలు పెద్దమ్మా, నీకు బస్సెళ్లిపోద్ది," అంది పిల్ల.