యోగేశ్వరికి నాలుగు పాయింట్లు

విజయరాణికి కుళ్ళుబోతుతనం ఉందంటే మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లో ఎవరూ నమ్మరు. అక్కడి గోడౌన్‌లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది, ఇప్పుడు సరుకు దించే చోట సూపర్‌వైజరు. దీపావళికి మురుకులు చేస్తే గేటు దగ్గర గార్డు దాకా పంచుతుంది. ఒకరి జీతం పెరిగినా, ఒకరి కూతురికి మంచి సంబంధం కుదిరినా మనస్ఫూర్తిగా సంతోషిస్తుంది. ఆమె కుళ్ళంతా ఒక్క మనిషి కోసం దాచిపెట్టుకుంది. ఆ మనిషి స్వయానా అన్న కూతురు, యోగేశ్వరి.

ఆ గోడౌన్‌కి ఆడవాళ్ల సాఫ్ట్‌బాల్ జట్టు ఉంది. బేస్‌బాల్ లాంటి ఆటే, కాకపోతే బంతి కాస్త పెద్దది, చెయ్యి గుండ్రంగా తిప్పి కిందనుంచి విసరాలి. అలా విసిరే మనిషిని పిచ్చర్ అంటారు. మిగతా ఎనిమిది మందీ ఎంత గొప్పవాళ్లైనా ఆమె విసిరితేనే ఆట మొదలు. బాగన్ దాతుక్‌లో చదువుకునే రోజుల్లో విజయరాణి పెరాక్ రాష్ట్రానికి పిచ్చర్. ఉద్యోగంలో చేరిన ఏడాదినుంచి గోడౌన్ జట్టుకీ ఆమే. పిల్లలు పుట్టిన రెండు సీజన్లు తప్ప ఆ చోటు ఎవరికీ వదల్లేదు.

యోగేశ్వరికి విసరడం నేర్పింది కూడా ఈ మహాతల్లే. సెలవులకి అన్న ఇంటికి వెళ్లినప్పుడు ఎస్టేటు ఇళ్ల వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టేది, పిల్ల విసిరేది. ఆఖర్న మణికట్టు విదిలించడం తనకు అబ్బడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ పిల్లకి ఒక్క సెలవుల్లో వచ్చేసింది. అప్పుడు ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. ఇప్పుడు ఆ పిల్లకి ఇరవై రెండేళ్లు. అదే గోడౌన్‌లో ఉద్యోగం చేస్తూ, అత్త ఇంట్లోనే ఉంటూ, అత్త జట్టులోనే ఆడుతోంది. మైదానంలో ఇన్నాళ్లూ "రాణి అక్క" అని పిలిచినవాళ్లు ఈమధ్య "యోగి వాళ్ల అత్త" అంటున్నారు. ఆ మాట విన్న రోజు విజయరాణికి అన్నం సయించలేదు.

ఈ ఏడాది సీజన్‌కి ముందు ఆఫీసులో పనిచేసే సుగుమారన్ ఒక కొత్త ఆట పెట్టాడు. ఫాంటసీ లీగ్. చుట్టుపక్కల నాలుగు గోడౌన్ల జట్లలో ఉన్నవాళ్లందరికీ పాయింట్లలో వెల కడతారు. చేరిన ప్రతివాళ్లకీ వంద పాయింట్లు ఇస్తారు. ఆ వందతో ఫోన్‌లో తొమ్మిది మందిని కొనుక్కుని ఉత్తుత్తి జట్టు కట్టుకోవాలి. కొన్నవాళ్లు ఆదివారం మైదానంలో నిజంగా బాగా ఆడితే ఇక్కడ వీళ్లకి మార్కులు.

"అక్కా, మన పిల్లల సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవలికీ తెలవదు లా," అని, అక్కడందరిలాగే మాట చివర 'లా' తగిలించి, సుగుమారన్ పేర్ల కాగితం చేతిలో పెట్టాడు. "నాలుగునుంచి ఇరవై దాకా. ఎవలికెంతో నువ్వే ఏసియ్యి."

వెనకాలే జట్టు మేనేజరు శ్రీకుమార్ వచ్చి ఇంకో మాట అన్నాడు. మొదటి ఆటకి పిచ్చర్ ఎవరన్నది తను తేల్చుకోలేకపోతున్నాడట. ఆమె కాగితంలో ఎవరికి ఎక్కువ ఉంటే వాళ్లే విసురుతారట.

వందతో తొమ్మిది మందిని కొనాలన్న ముక్క సుగుమారన్ రెండుసార్లు చెప్పాడు. విజయరాణి చెవికి ఎక్కలేదు. ఆమె కళ్లు అప్పటికే కాగితంలో ఒక పేరు వెతుకుతున్నాయి.

భోజనాల వేళ క్యాంటీన్‌లో ఒక మూల కూర్చుంది. మిగతావాళ్ల విషయంలో వంక పెట్టడానికి లేదు. రత్నావతి చేతిలో పడ్డ బంతి జారిపోదు, కానీ పరుగెత్తమంటే ఆయాసం. పదమూడు. మలర్ బ్యాటుకి తగిలిందా, బంతి కంచె అవతలే. అంపైరుతో నోరు పారేసుకుంటుంది గనక ఒకటి తగ్గించి పదహారు. అలా అందరికీ వేసి, తన పేరుకెదురుగా ఇరవై రాసుకుంది.

యోగేశ్వరి దగ్గర ఆగింది. ఆ పిల్లకి న్యాయంగా ఎంత రావాలో ఆమెకు తెలుసు. పద్దెనిమిది. అంతకు ఒక్కటి తగ్గినా అబద్ధమే. పన్నెండు రాసి చెరిపింది. ఎనిమిది రాసింది. ఎనిమిది కూడా ఎక్కువే అనిపించింది. చివరికి నాలుగు వేసి, పక్కన "అనుభవం చాలదు" అని రాసి, మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. ఆ మధ్యాహ్నం ఆమె ఒళ్లు ఎంత తేలికపడిందో చెప్పలేం.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే లారీ తీసే ముందు మొగుడు శంకర్ ఫోన్‌లో జట్టు కట్టుకుంటూ కనిపించాడు.

"ఎవల్ని ఏసినావు?" అంది, దోసె వడ్డిస్తూ.

"ముందల యోగిని. అందరూ దాన్నే ఏసుకుంతన్నారు. అంత మంచి పిచ్చరు నాలుక్కి దొరికితే ఎవడు ఒదుల్తాడు?"

"మరి నన్నో?"

శంకర్ తలెత్తలేదు. "ఇరవై పోసి నిన్ను కొంటే మిగిలినోలకి ఏటి మిగుల్తాది, నువ్వే సెప్పు."

రెండో దోసె పెనం మీదే మాడిపోయింది.

మధ్యాహ్నానికి లెక్క తెలిసింది. లీగ్‌లో చేరినవాళ్లు డెబ్బై ఒక్కమంది. యోగేశ్వరిని కొన్నవాళ్లు అరవై ఏడుగురు. విజయరాణిని కొన్న పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. కొన్న పిచ్చర్ బెంచి మీద కూర్చుంటే మార్కులు రావు కదా, క్యాంటీన్ మొత్తం శ్రీకుమార్ మీద పడింది. ఎప్పుడూ సాఫ్ట్‌బాల్ మొహం చూడని అకౌంట్స్‌వాళ్లు కూడా పిల్లని ఆడించాల్సిందేనని పట్టుబట్టారు. శ్రీకుమార్ మాత్రం ఏం తక్కువ తిన్నాడు, ఆయనా కొన్నాడు. విజయరాణిని పిలిచి, గోడ మీది క్యాలెండర్ వంక చూస్తూ, ఏడు ఇన్నింగ్స్‌లో మొదటి అయిదూ యోగి వేస్తుంది, తర్వాత రెండూ నువ్వు వెయ్యి అన్నాడు. ఇరవై రెండేళ్లు ఎవరూ లాక్కోలేని చోటు ఆమె తన పెన్సిల్‌తోనే అప్పగించేసింది.

అంతటితో పోయినా బాగుండేది. ఆదివారం మైదానానికి వెళ్లేసరికి ఇంకో కథ పుట్టి ఉంది. మేనకోడలు అందరికీ అందాలని అత్త కావాలనే నాలుగు వేసిందట, ఎంత పెద్ద మనసో అని. ఆట మొదలయ్యే ముందు శ్రీకుమార్ మైకులో అదే మాట చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. యోగేశ్వరి వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టింది. విజయరాణి నవ్వుతూ నిలబడింది. ఆ నవ్వు కంటే చెంపదెబ్బ తినడం సుఖం.

పిల్ల తొమ్మిది మందిని బ్యాటుకి బంతి తగలకుండా వెనక్కి పంపింది. ఒక్కొక్కరు వెనుదిరిగినప్పుడల్లా అరవై ఏడు ఫోన్లు పైకి లేచాయి. ఆరో ఇన్నింగ్స్‌లో విజయరాణి వచ్చింది. ఆమె వేసిన రెండో బంతే కంచె దాటింది. అప్పటికే చాలా ముందున్నారు కాబట్టి జట్టు గెలిచింది. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. ఆ బంతి గురించి ఒక్కరైనా తిట్టి ఉంటే ఆమెకు కాస్త ఊరటగా ఉండేది.

ఇంటికొచ్చి అత్తా మేనకోడలూ భోజనానికి కూర్చున్నారు. శంకర్ ఇంకా స్నేహితులతోనే ఉన్నాడు. విజయరాణి రెండు ముద్దలు తిని ఇక ఆపుకోలేకపోయింది.

"యోగీ, నీ మంచి కోసం ఏసిన నాలుగు కాదే అది. కుళ్లుకోని ఏసినాను."

యోగేశ్వరి అన్నం కలుపుతూనే ఉంది. తెలుగు ఆ పిల్లకి బాగా అర్థమవుతుంది, మాట్లాడటమే తక్కువ. "తెలుసు అత్తా."

"ఎప్పుడు తెలిసినాది?"

"లిస్టు సూసినప్పుడే లా."

"మరి కాళ్లకి దణ్ణం ఎందుకే?"

"నేర్పినది నువ్వు గదా."

విజయరాణికి ఏడుపు వచ్చేటట్టే ఉంది. దాన్ని దాచుకోవడానికి మాట మార్చింది. "నువ్వు కూడా జట్టు కట్టినావు గదా. నన్ను ఎందుకు కొన్లేదు?"

పిల్ల అప్పడం విరిచింది. "నువ్వు ఇరవై కాదు అత్తా."

"మరెంత?"

"పన్నెండు."

అందులో వెటకారం లేదు, జాలి లేదు. గోడౌన్‌లో పెట్టె తూకం చూసి చెప్పినట్టు చెప్పి, చారు గిన్నె దగ్గరకు లాక్కుంది.

విజయరాణి గట్టిగా జవాబివ్వాలని నోరు తెరిచింది. పెరాక్ తరఫున ఆడిన మనిషికి పన్నెండా అనబోయింది. కానీ తన భుజం నొప్పి, తగ్గిపోయిన వేగం, ఇంకా కాస్త మిగిలివున్న మణికట్టు విసురు, అన్నీ లోపల కూడుకుంటే ఎటునుంచి చూసినా పన్నెండే వచ్చింది. ఆ కాగితంలో తన పేరు కాకుండా ఇంకెవరి పేరున్నా తనూ అంతే వేసేది.

ఒళ్లు భగ్గుమంది. విసరడం పోతే పోయింది, మనిషిని చూసి వెల కట్టడంలోనైనా తన తర్వాతే ఎవరైనా అనుకుంది ఇన్నాళ్లూ. అదీ ఆ పిల్లకే బాగా వచ్చు.